పాత సైకిల్ మీద మిస్త్రీ చెయ్యి

పాత సైకిల్ బేరానికి వస్తే, చేతిలో హునర్ ఉన్న మిస్త్రీ ముందు రంగు చూడడు. బెల్లు కొట్టి చూడడు. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పుతాడు. తర్వాత ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపుతాడు. చక్రం పైకి లేపి గిర్రున తిప్పి, రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మధ్య సందు ఎలా మారుతుందో చూస్తాడు. పుల్లల్ని రెండు వేళ్ళతో మీటుతాడు. ఆఖరికి బండిని తలకిందులు చేసి నంబర్ వెతుకుతాడు. అప్పుడు గానీ ధర మాట ఎత్తడు.

ఐదు నిమిషాల పని. 'ఏం చూసినవ్ ఉస్తాద్?' అని అడిగితే సరిగ్గా చెప్పలేకపోవచ్చు కూడా. తన ఉస్తాద్ చేస్తుంటే చూసి నేర్చుకున్నాడు. ఆ ఉస్తాద్ ఇంకొక ఉస్తాద్‌ని చూసి నేర్చుకున్నాడు. కానీ అతను చెయ్యి పెట్టే ప్రతి చోటికీ ఒక తారీఖ్ ఉంది. ఆ చోట ఎప్పుడో ఎవరో పడ్డారు, ఎవరో పళ్ళు రాలగొట్టుకున్నారు, ఆ తర్వాత ఎవరో బుర్ర పెట్టి ఒక తరీఖా కనిపెట్టారు. సైకిల్ 200 ఏళ్ళ కథ ఆ ఐదు నిమిషాల్లో దాగి ఉంది.

ఈ కథ ఇప్పుడు చెప్పడానికి సబబు ఒకటి ఉంది. మన పిల్లలకు సైకిల్ కొనాల్సి వస్తే ఇప్పుడు ఫోన్‌లో ఫొటో చూసి కొంటున్నాం. ఫొటోలో రంగు కనిపిస్తుంది, ఐబ్ కనిపించదు. ఇంకో సబబు కూడా ఉంది, అది చివర్లో చెప్తాను.

పేరులోనే హిఫాజత్

1817లో జర్మనీలోని మాన్‌హైమ్ పట్నంలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్య బండి మీద కూర్చుని, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయాడు. దానికి పెడళ్ళు లేవు, చైన్ లేదు. 1860లలో పారిస్‌లో మిషో అనే కమ్మరి దుకాణం వాళ్ళు ముందు చక్రానికే పెడళ్ళు పెట్టిన బండ్లు అమ్మారు. ఇనుప పట్టీ కొట్టిన కొయ్య చక్రాలతో రాళ్ళు పరిచిన రోడ్ల మీద నడిచే ఆ బండికి ఇంగ్లిషు వాళ్ళు 'ఎముకలు కుదిపేది' అని పేరు పెట్టుకున్నారు.

తర్వాత ఇంగ్లాండ్‌లోని కొవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1870 ప్రాంతంలో ముందు చక్రాన్ని బాగా పెంచాడు. చైన్ లేదు కాబట్టి పెడల్ ఒకసారి తిరిగితే చక్రం ఒకసారే తిరుగుతుంది. చక్రం ఎంత పెద్దదైతే అంత దూరం. అందుకే మనిషి ఛాతీ ఎత్తున్న చక్రం మీద ఎక్కి కూర్చునేవాళ్ళు. చిన్న రాయి అడ్డం వచ్చినా, బ్రేకు గట్టిగా పట్టినా, మనిషి తల ముందుగా నేల మీదికి. బలమైన పడుచువాళ్ళు తప్ప ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, పిల్లలు దాని జోలికి పోలేదు.

అదే కొవెంట్రీలో, ఆ జేమ్స్ స్టార్లీ సోదరుడి కొడుకు కావలసిన జాన్ కెంప్ స్టార్లీ 1885లో 'రోవర్' అనే బండి చేశాడు. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు. పెడళ్ళు మధ్యలో, చైన్ వెనక చక్రానికి. ఆపాలంటే కాళ్ళు నేలకు ఆనతాయి. దీన్ని ఆ కాలంలో 'సేఫ్టీ బైసికిల్' అన్నారు. ఇవాళ మనం తొక్కే ప్రతి సైకిల్ ఆ సేఫ్టీ ఖాందాన్‌దే. తరవాత జనం 'సేఫ్టీ' అనే మాట వదిలేసి సైకిల్ అని మాత్రమే అన్నారు. మాట పోయింది గానీ షరతు పోలేదు: ఈ బండి ఉన్నదే మనిషిని పడెయ్యకుండా తీసుకుపోవడానికి.

పిల్లల విషయంలో ఈ షరతే మొదటి పరీక్ష. సీటు మీద కూర్చుంటే కాలి మునివేళ్ళయినా నేలకు ఆనాలి. అడ్డ రాడ్ ఉన్న బండి అయితే, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి నిలబడినప్పుడు రాడ్ ఒంటికి తగలకూడదు. మన పెద్దవాళ్ళు ఖైంచీ తొక్కి నేర్చుకున్నది బహాదురీ కాదు, ఇంట్లో పెద్దల సైకిల్ ఒక్కటే ఉండేది కాబట్టి. 'పెరుగుతాడు కదా, పెద్దది తీసుకుందాం' అని షేర్వానీ కుట్టించినట్టు సైకిల్ కొనకూడదు.

చిమ్టా దగ్గర ఆగండి

ఫ్రేమ్ అంటే ఉక్కు గొట్టాలు. గొట్టం, గొట్టం కలిసే చోట ఒక తొడుగు పెట్టి, లోపల ఇత్తడి కరిగించి అతికేవాళ్ళు. 1887లో నాటింగ్‌హామ్‌లో మొదలైన రాలీ, బర్మింగ్‌హామ్ బీఎస్‌ఏ, ఈ పనిలోనే పేరు తెచ్చుకున్నాయి. బీఎస్‌ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అసలు 1861లో తుపాకులు చేసేవాళ్ళు కలిసి పెట్టిన కంపెనీ. పాత బీఎస్‌ఏ బండి మీద మూడు తుపాకుల ముద్ర ఉండేది అందుకే. గొట్టం, గొలుసు, గోలీ అన్నీ కొలతకు కచ్చితంగా చేయడం వాళ్ళకు తుపాకీ పని నుంచే వచ్చింది.

ఈ బండ్లే ఓడల్లో మన దేశానికి వచ్చాయి. ఆ జమానాలో సైకిల్ అంటే ఇంగ్లాండ్ మాల్. తాసీల్దారు, డాక్టరు, మాస్టరు లాంటివాళ్ళ ఇళ్ళలో కనిపించేది. వాళ్ళ చేతుల్లోంచి రెండో చేతికి, మూడో చేతికి దిగేది. అంటే సెకండ్‌హ్యాండ్ సైకిల్ అనేది మనకు కొత్త సైకిల్ అంత పాతది. గరీబు ఇంటికి సైకిల్ వచ్చిన దారే అది.

మూడో చేతికి వచ్చిన ఫ్రేమ్‌ని ఎలా చూడాలి? ఎదురుగా గోడకో బండికో గుద్దుకున్న సైకిల్ రెండు చోట్ల గవాహీ ఇస్తుంది. ఒకటి, ముందు చక్రాన్ని పట్టుకునే చిమ్టా వెనక్కి వంగి ఉంటుంది. పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది. రెండు, హ్యాండిల్ కింద నుంచి పెడళ్ళ వైపు దిగే వాలు గొట్టం, పై భాగంలో అడుగు వైపు రంగు ముడతలు పడి ఉంటుంది. వేలితో తడిమితే అల లాగా తగులుతుంది. చిమ్టాని సుత్తెతో సరిచేసి అమ్మేవాళ్ళుంటారు, గొట్టం మీద ముడతను మాత్రం దాచలేరు. ఒక్కచోట మాత్రమే కొత్త రంగు ఉంటే, ఆ రంగు కింద ఏముందో అడగండి. ఫ్రేమ్ వెల్డింగ్ చేసి ఉంటే ధర తగ్గించుకోవడం కాదు, వెళ్ళిపోవడం మంచిది. చిమ్టా వెల్డింగ్ అయితే అసలు రెండో మాట లేదు. వెనక విరిగితే కూలబడతారు, చిమ్టా విరిగితే ముఖం మీద పడతారు.

మిస్త్రీ మోకాళ్ళ మధ్య చక్రం ఇరికించి హ్యాండిల్ తిప్పేది, హ్యాండిల్ గొట్టం లోపల పట్టు సరిగ్గా ఉందా అని. కదిలితే బిగించి మళ్ళీ చూడాలి. హ్యాండిల్, సీటు గొట్టాల మీద 'ఇంతకంటే పైకి లాగొద్దు' అనే గీత ఉంటుంది. గీత బయటికి కనిపిస్తే లోపల మిగిలిన గొట్టం చాలదు. ముందు బ్రేకు పట్టి ఊపినప్పుడు 'టక్ టక్' అంటే హ్యాండిల్ కప్పుల్లో ఛర్రాలు వదులు. చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో ఒక గుంటలో పడినట్టు ఆగిందంటే, కప్పులు అరిగి గుంటలు పడ్డాయి. అది మార్చదగ్గదే, పెద్ద ఖర్చు కాదు. కానీ మార్చకుండా తొక్కకూడదు.

మీటితే పలికే చక్రం

బండి చక్రం కింది ఆకుల మీద నిలబడుతుంది. సైకిల్ చక్రం అలా కాదు. సన్నటి తీగ లాంటి పుల్లలు బరువును మోయలేవు, లాగగలవు అంతే. అన్ని వైపుల నుంచీ సమంగా లాగి పట్టుకోవడం వల్లే రిమ్ము గుండ్రంగా నిలుస్తుంది. ఆ పుల్లల్ని హబ్బు నుంచి నేరుగా కాకుండా ఏటవాలుగా అల్లే పద్ధతికి 1874లో పేటెంట్ తీసుకున్నది ఆ జేమ్స్ స్టార్లీనే. మన పెద్ద సైకిళ్ళకు ముందు 32, వెనక 40 పుల్లలు ఉండేవి. బరువు వెనక ఎక్కువ కాబట్టి.

మిస్త్రీ పుల్లలు మీటేది ఇందుకే. ఒకే వైపు పుల్లలన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. ఒకటి 'డబ్' మంటే అది వదులు, దాని పని పక్కవాటి మీద పడుతోంది. ఒక ఇంట్లో ఒకడు పని మానేస్తే మిగతావాళ్ళు అలసిపోయినట్టు, కొన్నాళ్ళకు పక్క పుల్ల విరుగుతుంది. రెండు, మూడు వదులుంటే బెండు తీయిస్తే సరిపోతుంది. అక్కడక్కడా పుల్లలు లేకపోతే, రిమ్ము తుప్పు పట్టి పొరలు లేస్తే, చక్రమే మార్చాల్సి వస్తుంది. ఆ ఖర్చు హిసాబ్ ధరలోంచి తీసెయ్యండి.

తర్వాత రిమ్ముని పట్టుకుని ఎడమకూ కుడికీ ఊపండి. హబ్బు దగ్గర లొటలొటలాడితే కోన్లు వదులు. బిగిస్తే పోవాలి. పోకపోతే లోపల అరిగిపోయింది.

గాలి మోసే బండి, దాని పంక్చర్

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన చిన్న కొడుకు మూడు చక్రాల బండి కుదుపు చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. పేటెంట్ కూడా తీసుకున్నాడు. తర్వాత తెలిసింది ఏమంటే, రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లాండ్ మనిషి 1845లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడు. డన్‌లప్ పేటెంట్ చెల్లలేదు. పేరు మాత్రం నిలిచింది. మన సైకిల్ ట్యూబుకు ఉండే, లోపల సన్న రబ్బరు తొడిగే వాల్వుని కూడా డన్‌లప్ వాల్వు అంటారు.

గాలి టైరుతో పాటే పంక్చర్ పుట్టింది. పంక్చర్‌తో పాటే అది వేసే మనిషి. పంపు, నీళ్ళ తొట్టి, రబ్బరు ముక్క, సొల్యూషన్, ఆకురాయి. ఇంత చిన్న పెట్టుబడితో నిలబడే రోజీ ఇంకొకటి అరుదు. 1948 పోలీస్ యాక్షన్, ఆ తర్వాత 1949లో జాగీర్ల రద్దుతో హైదరాబాద్ రాజ్యంలో కొలువులు పోయిన ముస్లిం కుటుంబాల్లో ఎంతోమంది రిక్షాలు లాగారు, చిన్న దుకాణాలు పెట్టుకున్నారు, మెకానిక్ పనులు నేర్చుకున్నారు. ఆంధ్ర వైపు సైకిల్ ట్యాక్సీ అన్నారు, తెలంగాణలో కిరాయి సైకిల్ అన్నారు. గంటకు ఇంతని బండ్లు కిరాయికి ఇచ్చే ఆ దుకాణాల్లోనే ఊళ్ళకు ఊళ్ళు సైకిల్ నేర్చుకున్నాయి. కిరాయి సైకిల్ రోజుకు పది చేతులు మారుతుంది. దాన్ని ప్రతి సాయంత్రం తడిమి చూసినవాడికే ఏది ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. ఈ ఇల్మ్ కాలేజీలో రాలేదు, ఆ గల్లీల్లో వచ్చింది.

టైరు చూసేటప్పుడు పైన నక్షా అరిగిందా అని మాత్రమే చూస్తాం. పక్కలు చూడాలి. పక్కన సన్న పగుళ్ళుంటే ఎండకు ఎండిపోయింది. లోపలి దారం కనిపిస్తే, ఎక్కడైనా కురుపు లాగా ఉబ్బితే, ఆ టైరు ఎప్పుడైనా పేలుతుంది. టైరు మార్పించే షరతు మీదే బేరం చెయ్యండి.

ఆపడం నేర్చుకున్న తారీఖ్

మొదట్లో చాలా సైకిళ్ళకు ఫ్రీవీల్ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరిగేవి. కాళ్ళతో ఆనించి వేగం తగ్గించేవాళ్ళు. 19వ శతాబ్దం ముగిసే రోజుల్లో ఫ్రీవీల్ వాడకంలోకి వచ్చింది. కాళ్ళు ఆపినా బండి పోతూనే ఉంటుంది. హాయి పెరిగింది, కాలితో ఆపే వీలు పోయింది. అప్పుడు చేతి బ్రేకు తప్పనిసరి అయింది. మన పాత సైకిళ్ళ ఊచ బ్రేకు, రిమ్ము లోపలి అంచుని పైకి లాగి పట్టేది, ఆ కాలం నాటిదే. తీగ బ్రేకులో వాడే, గొట్టంలో తీగ జారే కేబుల్‌కి 1896లో ఇంగ్లాండ్‌లో బౌడెన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. మోటార్ సైకిల్ క్లచ్చు తీగ కూడా అదే ఖాందాన్.

ఇక్కడ మనం మరిచే సంగతి బర్సాత్. మెరుపు పూసిన ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది. పొడి రోడ్డు మీద ఆగిన దూరంలో వానలో ఆగదు. సౌదా చేసేటప్పుడు ఒక లోటా నీళ్ళు రిమ్ము మీద పోసి బ్రేకు పట్టి చూడండి. అమ్మేవాడు నవ్వితే నవ్వనివ్వండి. అమెరికాలో 1978 నాటికి సైకిళ్ళకు సర్కారీ సేఫ్టీ నియమాలు వచ్చాయి. ప్రపంచ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ కూడా తన 4210 నంబర్ ప్రమాణం తెచ్చింది. అందులో తడి బ్రేకు పరీక్ష కూడా ఉంటుంది. లోటా నీళ్ళ పరీక్షకు అంత ఇజ్జత్ ఉంది.

ఇంకా మూడు చూడండి. బ్రేకు పూర్తిగా నొక్కినా పిడి హ్యాండిల్‌కి తగలకూడదు. తీగ చివర పోగులు విడిపోయి ఉండకూడదు. రబ్బరు గట్టీ కూర్చునే లోహపు డబ్బీకి ఒక వైపు తెరిచి ఉంటే, ఆ తెరిచిన వైపు వెనక్కి ఉండాలి, మూసిన వైపు ముందుకు. తిరగేసి బిగిస్తే, బ్రేకు పట్టినప్పుడు తిరిగే చక్రం రబ్బరుని లాక్కుపోతుంది. ఇది చూడటానికి రూపాయి ఖర్చు లేదు.

పన్నెండు ఇంచుల చైన్

1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఇంజనీరు, పిన్నుల మీద తిరిగే రోలర్లున్న చైన్ కనిపెట్టాడు. సైకిల్ చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర ఇంచు. ఈ ఒక్క కొలత తెలిస్తే చాలు, బడి పిల్లల స్కేలుతో చైన్ వయసు చెప్పొచ్చు. సున్నా దగ్గర ఒక పిన్ను మధ్య భాగం పెట్టండి. కొత్త చైన్ అయితే 12 ఇంచుల గీత మీద సరిగ్గా ఇంకో పిన్ను వస్తుంది. ఇంచులో పదహారో వంతు దాటితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే పళ్ళ చక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి. అలాంటి చైన్ ఎక్కడ జారుతుందో తెలుసా? నిలబడి గట్టిగా తొక్కినప్పుడు, అంటే ఎత్తు ఎక్కేటప్పుడో, రోడ్డు దాటేటప్పుడో. సరిగ్గా లారీ ముందు.

పెడల్ చేతిని యాక్సిల్‌కి పట్టి ఉంచే కాటర్ పిన్ను కూడా చూడండి. రెండు పెడళ్ళు పట్టుకుని ఎదురెదురుగా నొక్కితే కదలకూడదు. కాటర్ పిన్ను వదులైతే అడుగుకోసారి 'కటక్' అంటుంది. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, అది ఐబ్ కాదు, దస్తూరే. తెలియక బలవంతంగా ఉల్టా బిగించినవాడి వల్ల మర చెడి ఉందేమో చూడాలి.

కరీం దీన్ ఇచ్చిన పేరు

దేశం రెండుగా చీలిన తర్వాత సైకిల్ మనదైంది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మురుగప్ప కుటుంబం, ఇంగ్లాండ్ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కలిసి టీఐ సైకిల్స్ పెట్టాయి. హెర్క్యులిస్, బీఎస్‌ఏ అక్కడ తయారయ్యాయి. ఆసన్సోల్‌లో సేన్ రాలీ. 1951లో సోనీపత్‌లో అట్లాస్. 1956లో లుధియానాలో హీరో.

హీరో పేరు వెనక ఒక సంగతి ఉంది. ముంజాల్ అన్నదమ్ములు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కమాలియా నుంచి వచ్చారు, సైకిల్ సామాను వ్యాపారం చేసేవాళ్ళు. వాళ్ళ కుటుంబం చెప్పుకునే కథ ప్రకారం, సైకిల్ సీట్లు చేసే కరీం దీన్ అనే దోస్తు తన మాల్‌కి 'హీరో' అని పేరు పెట్టుకున్నాడు. బటవారాలో ఆయన పాకిస్తాన్ వెళ్ళిపోతుంటే, ఆ పేరు మేం వాడుకోవచ్చా అని ఓం ప్రకాశ్ ముంజాల్ అడిగారు. ఆయన ఇజాజత్ ఇచ్చారు. 1986లో గిన్నిస్ బుక్కు ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా హీరోని రాసుకుంది. ఇల్లు వదిలి పోతున్న మనిషి ఒక దోస్తుకు ఇచ్చిన పేరు కోట్ల ఇళ్ళ ముందు స్టాండ్ వేసి నిలబడింది.

1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమం వేలాది ఆడవాళ్ళకు సైకిల్ నేర్పింది. వాళ్ళలో పల్లెల ముస్లిం అమ్మాయిలూ ఉన్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక రాడ్ ఉన్న మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. 2020 లాక్‌డౌన్‌లో 15 ఏళ్ళ అమ్మాయి ఒకతె దెబ్బ తగిలిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని, గురుగ్రామ్ నుంచి బీహార్‌లోని దర్భంగా దాకా సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కింది. అదే ఏడాది జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. కాబట్టి పాత అట్లాస్ ఇప్పుడు ఎక్కడ కనిపించినా అది ఎవరో వాడిన బండే అయ్యుండే అవకాశం ఎక్కువ. దాన్ని సరిగ్గా చూసి, బాగు చేసుకుని వాడటం మన చేతిలో ఉంది.

నంబర్, కాగితం

1948లో వచ్చిన ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్'లో, సైకిల్ పోయిన గరీబు తన చిన్న కొడుకుతో రోమ్ నగరం సెకండ్‌హ్యాండ్ బజారులో వెతుకుతాడు. ఒకడు ఒక ఫ్రేమ్‌కి రంగు వేస్తుంటాడు. అనుమానం వచ్చి నంబర్ చూపించమంటాడు. పోలీసు వస్తాడు, నంబర్ చూస్తారు, తన బండి కాదు. సైకిల్ అంటే ఒక ఇంటి రోజీ అని ఆ సినిమా చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో కొన్నా, ఫోన్‌లో కొన్నా, నంబర్ చూడండి. పెడళ్ళ యాక్సిల్ గొట్టం కిందో, సీటు గొట్టం మీదో కొట్టి ఉంటుంది. ఆకురాయితో రుద్ది ఉంటే వదిలెయ్యండి. పాత బిల్లు అడగండి. లేకపోతే అమ్మేవాడి పేరు, ఫోన్, ఫ్రేమ్ నంబర్, ధర, తారీఖు ఒక కాగితం మీద రాయించి దస్తఖత్ తీసుకోండి. దొంగ మాల్ అని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన సబబు ఉండి గానీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద జుర్మ్. చట్టం మాట అటుంచితే, ఎవరి పిల్లవాడో ఏడ్చిన సైకిల్ మన పిల్లవాడు తొక్కకూడదు.

ఐబ్ చెప్పి అమ్మడం

ఇంగ్లిషు వ్యాపార దస్తూర్‌లో 'కొనేవాడే చూసుకోవాలి' అనే మాట పాతది. మన దేశపు 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 16వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులతో ఆ ఛాయ ఉంది. ఫిఖహ్ పుస్తకాల్లో ఇంకో మాట ఉంది: ఖియార్-ఎ-ఐబ్. అమ్మేనాటికే ఉన్న ఐబ్, కొనేవాడికి తెలియకుండా ఉండిపోతే, వాపసు ఇచ్చే హక్కు కొనేవాడిది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ఒక ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి లోపల తడి చూసి, ఆ తడిని పైన ఎందుకు పెట్టలేదని అమ్మేవాడిని అడిగిన వాఖియా మనందరం జుమా బయాన్‌లో విన్నదే. పాత సైకిల్ అమ్మేటప్పుడు మనమూ ఆ కుప్ప ముందే నిలబడి ఉంటాం. 'చైన్ అరిగింది, వెనక టైరు మార్చాలి' అని ముందే చెప్పి వంద తక్కువకు ఇస్తే నుక్సాన్ కాదు. ఐబ్ దాచిన బండి మీద పడేది ఇంకొకరి బిడ్డ.

ఇప్పటి గేరు సైకిళ్ళకు ఇంకొన్ని చేరాయి. చక్రం పానా లేకుండా ఊడే లీవరు ఉంటే, అది నట్టు లాగా తిప్పి బిగించేది కాదు, మడిచి బిగించేది. మడిచేటప్పుడు అరచేతికి బలం తగలాలి. 2015లో అమెరికాలో ట్రెక్ కంపెనీ ఇలాంటి లీవరు తెరుచుకుని డిస్క్ బ్రేకులో చిక్కుకునే ప్రమాదం వల్ల సుమారు 9 లక్షల సైకిళ్ళను వెనక్కి పిలిచింది. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడ వాడిన బండి కొనేముందు మోడల్ పేరు వెతికి, వాపసు పిలుపు ఏమైనా ఉందా చూసుకోవాలి. ఇంకోటి, సైకిల్ సెకండ్‌హ్యాండ్ కొనొచ్చు గానీ హెల్మెట్ కొనకండి. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి కొత్తగానే కనిపిస్తుంది, లోపల పని అయిపోయి ఉంటుంది.

అన్నీ చూశాక ఒక ఫర్లాంగు తొక్కండి. మొదట పెద్దవాళ్ళు, తర్వాత పిల్లలు. చేతులు వదులుగా పెడితే బండి ఒక పక్కకు లాగుతుందా, రెండు బ్రేకులూ విడివిడిగా ఆపుతున్నాయా, నిలబడి తొక్కితే చైన్ ఎగురుతుందా. తర్వాతే పైసలు.

ఇప్పుడు మొదట్లో దాచిన సబబు. 'పంక్చర్' అనే మాటను ఈ రోజుల్లో మన మీద గాలీ లాగా విసురుతున్నారు. పేరు చూసి, టోపీ చూసి, పంక్చర్ దుకాణం మాట తీసి నవ్వుతున్నారు. 2006లో సచార్ కమిటీ రిపోర్టు, ముస్లింలు నౌకరీల్లో తక్కువగా, సొంత చిన్న పనుల్లో ఎక్కువగా ఉన్నారని లెక్కలతో చెప్పింది. చదువు, నౌకరీ తలుపులు మూసుకున్న చోట ఈ దుకాణాలు తెరుచుకున్నాయి. మన పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు కావాలని దువా చేద్దాం, దానికోసం మెహనత్ చేద్దాం. కానీ ఆ మాటకు సిగ్గుపడి తల దించుకోవడం ఎందుకు? స్టార్లీ, డన్‌లప్, రెనాల్డ్ కనిపెట్టినవి గల్లీ గల్లీలో నడుస్తూ ఉండేలా చూసుకున్నది ఆ చేతులే.

కాబట్టి ఈసారి పాత సైకిల్ కొనేటప్పుడు మీ మొహల్లా మిస్త్రీని వెంట తీసుకుపోండి. అతను ముసలివాడై ఉంటాడు, దుకాణంలో ఇప్పుడు సైకిళ్ళ కంటే స్కూటర్లే ఎక్కువుంటాయి. వచ్చి చూసినందుకు చాయ్‌తో సరిపెట్టకుండా మజ్దూరీ ఇవ్వండి. మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన నిలబెట్టి, 'చాచా, ఏమేం చూస్తున్నవో పిల్లకు చెప్పు' అని అడగండి. మొదట సిగ్గుపడతాడు. తర్వాత చెప్తాడు.